ఎడమవైపు కుంగిన పొయ్యి

కంచె అవతల మట్టి తొక్కుతున్న చప్పుడు వినగానే ఆ మట్టి ఇంకా పాకానికి రాలేదని ఒబ్దూలియాకు తెలిసిపోయింది. ఎర్రమట్టీ గడ్డీ కలిసిపోయాక కాలు తీసినప్పుడల్లా జిగురుగా ఒక చప్పుడు వస్తుంది. ఇది ఇంకా నీళ్ళ చప్పుడే. మరో గంటైనా తొక్కాలి అనుకుంది, కోళ్ళకు మొక్కజొన్నలు చల్లుతూ. ఆ వెంటనే మనకెందుకులే అని కూడా అనుకుంది.

కళ్ళు మాత్రం కంచె మీదికే పోయాయి. అవతల విల్ఫ్రీదా స్కర్టు మోకాళ్ళ పైకి దోపుకొని గుంటలో గుండ్రంగా తిరుగుతోంది. పక్కన విరిగిన ఇటుకల కుప్ప ఉంది. దాని వెనక, వెదురుబద్దలు వంచి బోర్లించిన బుట్టలా కట్టిన చట్రం.

పొయ్యి కడుతోంది.

ఆ వీధిలో చిపా రొట్టెలు కాల్చే మట్టిపొయ్యి ఒక్కటే ఉంది, ఒబ్దూలియా పెరట్లో. వాళ్ళమ్మ కట్టింది. యాభై ఏళ్ళుగా దాని గుమ్మటం మీద బీట పడలేదు. ఈస్టర్ ముందు పవిత్ర బుధవారం వచ్చిందంటే తెల్లారకముందే తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళు పిండి తొట్లు నెత్తిన పెట్టుకొని ఆ పెరట్లోకి వచ్చేవారు. పవిత్ర శుక్రవారం ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించరు. ఇంటివాళ్ళు తినేది, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టేది చిపానే. చిపా లేని ఇల్లంటే ఆ రోజు తలుపు మూసుకున్న ఇల్లే. రెండేళ్ళుగా విల్ఫ్రీదా ఇల్లు అలాగే ఉంది. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

"చూశావా వదినా, మీ మాజీ కోడలు కోట కడుతోంది!" అంటూ ఎదురింటి ఎర్మెలిందా వచ్చి మామిడిచెట్టు కింద కుర్చీ లాక్కుంది. చేతిలో చల్లటి తెరెరే ఆకు పానీయం నింపిన పశువు కొమ్ము, చంకలో నీళ్ళ ఫ్లాస్కు.

"కోట కాదు, పొయ్యి."

"ఏదైతేనేం. పొగరు చూడు. మంచాన పడ్డ తల్లిని పెట్టుకొని ఇది వంటరిగా పొయ్యి కట్టాలా? వచ్చి అడిగితే నువ్వు కాల్చుకోనివ్వవా?"

ఒబ్దూలియా కొమ్ము అందుకొని గొట్టంలోంచి ఒక్క గుక్క పీల్చింది.

"అడగదు. ఏ మొహం పెట్టుకొని అడుగుతుంది? నూతి గట్టు మీంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అది తెచ్చి బంగారంలాంటి మొగుడి మీద పెట్టింది. పైగా పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్ళింది. దేవుడు చూస్తూ ఊరుకుంటాడా?"

కొమ్ము ఖాళీ అయి గొట్టం గురగుర మంది. ఒబ్దూలియా దాన్ని తిరిగిచ్చేసి చేట దులుపుకుంది.

నూతి గట్టు అన్న మాట ఆ వీధిలో మొట్టమొదట అన్నది ఒబ్దూలియానే. స్టేషన్‌లో కూడా ఆ మాటే చెప్పి కిందన సంతకం పెట్టింది. ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె చూసింది నూతి గట్టును కాదు. కొడుకు ఎలాదియో చేతిలోని కట్టెపేడును.

*

మధ్యాహ్నానికి గుమ్మటం నడుము దాకా లేచింది. ఇటుక ముక్క, దాని మీద మట్టి, మళ్ళీ ఇటుక ముక్క. విల్ఫ్రీదా పని చూస్తే ఎవరి దగ్గర నేర్చిందో చెప్పనక్కర్లేదు. మట్టిముద్దను అరచేతి మడమతో నొక్కి, బొటనవేలితో అంచు మూసెయ్యడం ఒబ్దూలియా పద్ధతి. విల్ఫ్రీదా దాన్ని ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు కంచె దూరి వచ్చి, "పిన్నీ, నేనూ చేస్తా" అంటూ నేర్చుకుంది. పెళ్ళయ్యాక పిన్ని అత్త అయింది.

ఒబ్దూలియా బట్టలు ఆరేసే నెపంతో రెండుసార్లు కంచె దాకా వచ్చింది. మూడోసారి వచ్చేటప్పుడు చేతిలో బట్టల్లేవు.

కుడివైపు గుమ్మటం నిండుగా, గుండ్రంగా లేస్తోంది. ఎడమవైపు మాత్రం పైకి పోయేకొద్దీ లోపలికి కుంగిపోతోంది. అలా కుంగితే వేడి ఆ పక్కనే కూర్చుంటుంది. ఒకవైపు చిపాలు మాడుతుంటే రెండోవైపువి ఉడకవు. యాభై ఏళ్ళ పొయ్యి గల మనిషి అది చూస్తూ ఊరుకోలేకపోయింది.

"ఎడమ పక్క కుంగింది" అంది కంచె మీంచి.

విల్ఫ్రీదా తిరిగి చూడలేదు. మట్టిముద్ద తీసుకొని కుడిచేత్తో పైవరసకు అద్దింది. తరవాత ఎడమచెయ్యి ఎత్తింది. భుజం దాకా లేచి ఆగిపోయింది ఆ చెయ్యి. మోచేయి దగ్గర వంగిన కొమ్మలా బిగిసి అక్కడే ఉండిపోయింది.

"నా చెయ్యి అంతవరకే లేస్తుంది అమ్మగారూ" అంది మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. "పొయ్యి కూడా అంతవరకే లేస్తుంది."

అమ్మగారూ. ఆ పిలుపు రెండేళ్ళది. అయినా ఒబ్దూలియాకు ఇవాళే చెవిన పడినట్టయింది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" ఇంట్లోంచి ముసలి పోర్ఫీరియా గొంతు వినిపించింది.

"ఎవరితోనూ లేదమ్మా. కంచెతో."

*

మట్టల ఆదివారం పూజ అయ్యాక పిల్లలు చేతుల్లో తాటి ఆకులతో ఒకళ్ళనొకళ్ళు చరుచుకుంటూ చర్చి వరండాలో కూర్చున్నారు. ఒబ్దూలియా ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళకు జ్ఞానోపదేశం చెబుతోంది. ఆమె తరగతి పిల్లలు ఎక్కడా తడబడరని ఫాదర్ దెర్లిస్ ప్రతి ఏడూ పూజలో చెబుతాడు. చెప్పినప్పుడల్లా ఆమె తలవంచుకొని ముసుగు సర్దుకుంటుంది. సర్దుకోవలసిందేమీ ఉండదు.

"దేవుడి ప్రేమ ఎలాంటిది?"

"తల్లి ప్రేమలాంటిది!" ఇరవై గొంతులు ఒక్కటే మాట అన్నాయి.

"అయితే నాకు వద్దు" అంది రోసియో.

పిల్లలు గొల్లుమన్నారు.

"ఏం మాటలే అవి?"

"నిజంగా టీచరమ్మా. నిన్న మా తమ్ముడు నా ఆకు చింపాడు. నేను ఒక్కటే ఒక్కటి పెట్టాను. వాడు ఏడ్చాడు. మా అమ్మ ముందు వాడి దగ్గరికి పరిగెత్తింది. వాడి మూతి తుడిచి, చెప్పు తీసుకొని నా వెంట పడింది. మొదలెట్టింది ఎవరని కూడా అడగలేదు. అన్యాయం కాదా?"

"ఇంతకీ అన్నం పెట్టిందా మీ అమ్మ?"

"పెట్టింది. రెండు గుడ్లు కూడా వేసింది" అని ఒప్పుకుంది రోసియో, ఇంకా కోపంగానే.

ఇరవై ఆరేళ్ళలో ఏ ప్రశ్నకూ ఒబ్దూలియా జవాబు వెతుక్కోలేదు. ఇవాళ పుస్తకం మూసి, "వచ్చే వారం చెప్పుకుందాం" అంది. వచ్చే వారం ఈస్టరనీ తరగతి ఉండదనీ పిల్లలు గుర్తుచేసేలోగా లేచిపోయింది.

సాయంత్రం దూరాన చాకో ప్రాంతంలోని పశువుల ఎస్టేటు నుంచి ఎలాదియో ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు.

"అమ్మా, ఈస్టర్ అయ్యాక వచ్చేద్దామనుకుంటున్నా. ఇక్కడ దోమలు మనిషిని ఎత్తుకుపోతున్నాయి. నా చిపాలు దాచిపెట్టు."

"ఎప్పుడు పెట్టలేదు?"

"ఆ పక్కింటిది ఏమన్నా గోల చేస్తోందా? కేసు మూసేశారుగా. నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉందిగా?"

ఒబ్దూలియా కిటికీలోంచి చూసింది. సగం చీకట్లో ఆ గుమ్మటం ఒక పక్కకు తల వాల్చిన మనిషిలా ఉంది.

"గాలి ఎక్కువగా ఉంది. వినపడటంలేదురా" అంది.

*

సోమవారం, మంగళవారం అవతలి పెరట్లో సన్నటి పొగ లేచింది. పచ్చి పొయ్యిలో ఒక్కసారిగా పెద్ద మంట వేస్తే గుమ్మటం పగిలిపోతుంది. పిడికెడు పుల్లలతో మొదలుపెట్టి, రోజంతా చిన్న మంటతోనే ఆరనివ్వాలి. విల్ఫ్రీదాకు ఆ ఓర్పు ఉంది. వెదురు చట్రం లోపలే కాలి బూడిదైపోయింది. గుమ్మటం నిలబడింది. సన్నగా చీలిన చోటల్లా తడిమట్టి పూసి, కోడి ఈకతో నునుపు చేసింది. కంచె ఇవతల ఒబ్దూలియా ఊపిరి బిగబట్టి చూసింది. ఎప్పుడూ లోకం మెచ్చిన తన పొయ్యిని చూసుకొని గర్వపడే మనిషి, ఇంకొకళ్ళ వంకర పొయ్యిని చూసి "శభాష్" అని గొంతులోనే అనుకుంది.

మంగళవారం పొద్దున తన అరటిచెట్ల నుంచి లేత ఆకులు కోసింది. చిపా కింద పరవడానికి చిరుగులేని ఆకులు కావాలి. ఒక కట్ట తనకు ఉంచుకొని, రెండో కట్ట కంచె మీద, అవతలివైపు వేలాడేలా పెట్టింది. సాయంత్రానికి ఆకులు వడిలి, అంచులు ముడుచుకొని అక్కడే వేలాడుతున్నాయి. విల్ఫ్రీదా వాటి పక్కనుంచే మూడుసార్లు నడిచింది. చివరిసారి తన చంకలో ఆకుల కట్ట ఉంది. ఎక్కడో దూరంనుంచి కొని తెచ్చుకున్నవి.

ఒబ్దూలియాకు మొదట కోపం వచ్చింది. ఆ తరవాత, నేనైనా ముట్టుకొనేదాన్ని కాదు అనుకుంది. చేతుల మట్టి కడుక్కోకుండా ముద్ద పెట్టబోయినట్టుంది ఆ ఆకుల కట్ట.

*

బుధవారం కోడి కూసే వేళకే పెరడు నిండిపోయింది. ఎనిమిది తొట్లు, ఎనిమిది గొంతులు.

"కొవ్వు తక్కువేశావే, పిండి రాయిలా ఉంది."

"నీ నోరు ఆగితే నా పిండి దానంతటదే మెత్తబడుతుంది!"

"సోంపు ఎవరి దగ్గర మిగిలింది? మా ఆయన కోళ్ళకు చల్లేశాడు, గింజలనుకొని."

కర్రపెండలం పిండిలో చీజు చిదిమి, గుడ్లు, పందికొవ్వు, సోంపు వేసి మోచేతుల దాకా పిసుకుతున్నారు. పిసికిన ముద్దలు తాడులా పాకించి, చుట్టలు చుట్టి, పిల్లల కోసం పావురాలూ మొసళ్ళూ చేస్తున్నారు. ఎవరి గుర్తు వాళ్ళది. ఎర్మెలిందా చుట్ట మీద ఫోర్కుతో మూడు గాట్లు పెడుతుంది. ఒబ్దూలియా బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతుంది. పొయ్యిలో కలిసినా బయటికి వచ్చాక ఎవరివి వాళ్ళకు తెలుస్తాయి.

పొయ్యి లోపలి కప్పు మసి కాలిపోయి తెల్లబడింది. ఒబ్దూలియా నిప్పులు బయటికి లాగేసి, తడి చీపురుతో నేల తుడిచింది. అందరూ మాటలాపారు. ఇక వేడి చూడాలి. అది ఇంటి పెద్ద పని.

ఎండిన మొక్కజొన్న డొప్పను పొడుగు చెక్కపార చివర పెట్టి లోపలికి తోసి, పరలోక ప్రార్థన మొదలుపెడతారు. 'అనుదినాహారము' దాకా వెళ్ళకముందే డొప్ప నల్లబడితే వేడి ఎక్కువ. 'ఆమెన్' అన్నాక కూడా తెల్లగానే ఉంటే వేడి చాలదు. 'క్షమించినట్లు' అన్న చోట బంగారు రంగు తిరిగితే సరిగ్గా కుదిరినట్టు. వాళ్ళమ్మ అలాగే చూసేది. ఒబ్దూలియా డొప్ప ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

"పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టింది. ప్రార్థన నాలుక మీద దానంతటదే నడిచింది. అనుదినాహారము దాటింది. డొప్ప అంచు మీదికి లేత పసుపు పాకింది.

"మా యెడల అపరాధములు చేసినవారిని మేము..."

కంచె అవతల కూడా పొయ్యి తుడుస్తున్న చప్పుడు. చీపురు ఒకవైపు తేలిగ్గా, రెండోవైపు ఆగి ఆగి పడుతోంది. ఎడమ చేతికి మార్చుకుంటోంది కాబోలు.

ఒబ్దూలియా అక్కడే ఆగిపోయింది.

డొప్ప బంగారు రంగు తిరిగింది. ఎర్రబడింది. ఎవరూ కదల్లేదు. ఫక్కుమని మంట లేచి నల్లగా ముడుచుకుపోయింది.

"అయ్యో! ఒబ్దూలియా వదిన డొప్ప మాడిపోయింది!" ఎర్మెలిందా నవ్వబోయి ఆగింది. "వేడి ఎక్కువైందా వదినా?"

"వేడి సరిగ్గానే ఉంది." ఒబ్దూలియా చెక్కపార తెచ్చి ఎర్మెలిందా చేతిలో పెట్టింది. "ఆగింది నేను. నువ్వు చూసుకో."

"నేనా? ఈ పొయ్యిని?"

ఒబ్దూలియా తన పిండితొట్టి మీద తడిగుడ్డ కప్పి, నెత్తికెత్తుకుంది. కంచెలో పిల్లప్పుడు విల్ఫ్రీదా దూరివచ్చిన సందు ఇంకా ఉంది. అటు పోలేదు. ముందు గుమ్మంలోంచి వీధిలోకి దిగి, అందరికీ కనబడేలా నడిచి, పక్కింటి గేటు ముందు నిలబడి చప్పట్లు చరిచింది. అక్కడ పొరుగిళ్ళకు వెళ్ళే పద్ధతి అదే. చప్పట్లు చరిచి, లోపలివాళ్ళు పిలిచేదాకా ఆగాలి.

వెనక ఎనిమిది మందీ పిండిచేతులతో గేటు దాకా వచ్చేశారు.

విల్ఫ్రీదా స్కర్టు అంచుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గేటు తియ్యలేదు.

"ఏం కావాలి అమ్మగారూ?"

"నీ పొయ్యిలో నా పిండికి వరస అడగడానికి వచ్చాను."

"మీకు పొయ్యి ఉందిగా."

"ఉంది. దాని దగ్గర ప్రార్థన సగంలో ఆగిపోయింది." ఒబ్దూలియా తొట్టి కిందికి దించలేదు. మెడ నిలబెట్టి, వెనకవాళ్ళకు కూడా వినబడేలా గొంతు పెంచింది. "నువ్వు నూతి గట్టు మీంచి పడలేదు. నా కొడుకు కట్టెపేడుతో కొట్టాడు. గుమ్మంలో నిలబడి చూశాను. నేను పరిగెత్తింది నీ దగ్గరికి కాదు, వాడి దగ్గరికి. ఆ పేడు పొయ్యిలో పెట్టి కాల్చేశాను. తరవాత స్టేషన్‌లో అబద్ధం చెప్పాను."

వీధిలో ఎవరో "దేవుడా" అన్నారు. ఎర్మెలిందా చేతిలోని చెక్కపార నేలకు ఆనింది.

విల్ఫ్రీదా ఏడవలేదు. గడ్డం కొంచెం పైకెత్తింది. రెండేళ్ళుగా వీధిలో నడిచేటప్పుడు ఎత్తుకున్నట్టే. తేడా ఒక్కటే. ఇప్పుడు ఆ గడ్డం కింద మెడ నరాలు బిగిసి లేవు.

"ఇది రెండేళ్ళ కిందట చెప్పాల్సింది."

"అవును."

"ఇక్కడ చెప్తే నాకు వీధి పొయ్యి దగ్గర మళ్ళీ వరస వస్తుంది. అంతే. స్టేషన్‌లో చెప్తావా?"

"చెప్తాను. ఈస్టర్ అయ్యాక సోమవారం తెరుస్తారు. నువ్వు రానక్కర్లేదు. నేనే వెళ్తాను."

"వస్తాను" అంది విల్ఫ్రీదా. "వినాలి నేను."

లోపల్నుంచి పోర్ఫీరియా కేకేసింది. "ఎవరే గేటు దగ్గర? మళ్ళీ కంచెతోనేనా?"

"కాదమ్మా. ఒబ్దూలియా పిన్ని."

"పిండి తెచ్చిందా? తెస్తే నిలబెట్టి కబుర్లు చెబుతావేంటే, ఎండిపోదూ!"

గేటు గడియ కిర్రుమంది.

"వరస చివర నిలబడాలి" అంది విల్ఫ్రీదా. "ముందు మా అమ్మవి. తరవాత నావి. ఈ పొయ్యి ఎడమ పక్క మాడుస్తుంది. కుడిపక్క చోటు నీకు ఇవ్వను."

"ఎడమ పక్కే ఇవ్వు."

విల్ఫ్రీదా డొప్ప లోపలికి తోసి ప్రార్థన మొదలుపెట్టింది. అందరూ గేటు బయట మూగి నిలబడ్డారు. ఆమె గొంతు ఎక్కడా ఆగలేదు. మేము క్షమించినట్లు అన్న చోటికి వచ్చేసరికి ఆమె ఒబ్దూలియా వంక చూడలేదు, పొయ్యిలోకే చూసింది. డొప్ప ఒకవైపు బంగారు రంగులో, రెండోవైపు నల్లగా ఉంది.

"కుదిరింది" అంది. "సగం."

అరగంట గడిచాక ఎర్మెలిందా తన తొట్టి పట్టుకొని గేటు దగ్గర చప్పట్లు చరిచింది. "అక్కడ వేడి మరీ ఎక్కువగా ఉందమ్మా" అని నేలకేసి చూస్తూ గొణిగింది. "నాకు ఆ పొయ్యి లొంగదు. ఇక్కడేమైనా చోటు..."

"ఒబ్దూలియా పిన్ని వెనకాల" అంది విల్ఫ్రీదా.

*

గురువారం సాయంత్రం ఫోన్ మోగినప్పుడు ఒబ్దూలియా బయటికి నడిచి, గాలి లేని చోట నిలబడింది. కొడుకు మాట్లాడనిచ్చి, తరవాత చెప్పింది. "నీ చిపాలు దాచాను. వస్తే పెడతాను. నువ్వు చేసింది మాత్రం దాచలేదు, ఇక దాచను. సోమవారం వెళ్ళి చెబుతున్నాను." "నువ్వు నా తల్లివేనా?" అన్నాడు ఎలాదియో. "అవును. అందుకే" అంది ఆమె. అతను పెట్టేసిన తరవాత కూడా ఫోన్ చెవి దగ్గరే కాసేపు ఉంచుకుంది.

పవిత్ర శుక్రవారం ఎండ వాలుతుండగా సిలువ పాటలు పాడేవాళ్ళు వీధిలోకి వచ్చారు. ఇంటింటి ముందూ ఆగి పాడతారు. పాడాక ఇంటివాళ్ళు చిపా పెట్టాలి. ఆ ఏడు వాళ్ళు విల్ఫ్రీదా గేటు ముందు కూడా ఆగారు. మంచం వాకిట్లోకి లాగించుకున్న పోర్ఫీరియా వాళ్ళ కంటే గట్టిగా, రాగం తప్పి పాడింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

తరవాత ఒబ్దూలియా ఇల్లు. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద బుట్ట ఉంది. పాటగాళ్ళలో పెద్దాయన చెయ్యి చాచి, ఆగాడు.

"ఏమ్మా ఒబ్దూలియా, నీ ఇంట్లో మాడిన చిపా చూడటం ఇదే మొదలు. వయసు మీద పడిందా?"

వాకిట్లో ఎర్మెలిందా, ఇంకో నలుగురూ ఉన్నారు. ఒబ్దూలియా బుట్టలోంచి ఒక చిపా తీసింది. బొటనవేలి నొక్కు పక్కన ఎడమవైపంతా బొగ్గులా నల్లబడింది. దాన్ని తిప్పి, ఆ నల్లటి వైపే పైకి కనబడేలా బుట్ట మధ్యలో పెట్టింది. తరవాత మిగతావీ ఒక్కొక్కటే అలాగే తిప్పిపెట్టింది. తొందర పడలేదు.

"నా పొయ్యివి కావు" అంది తల ఎత్తి. "విల్ఫ్రీదా ఒంటిచేత్తో కట్టిన పొయ్యివి. అది ఎడమవైపు మాడుస్తుంది. ఎందుకో ఈ వీధిలో అందరికీ తెలుసు. తీసుకో, తిను."